ఉప్పు కొఠారులో నావ

తాళ్ళరేవులో పాత ఉప్పు కొఠారుకి
సున్నం కొట్టి, రెండు ట్యూబులైట్లు బిగించి
మ్యూజియం అన్నారు.
టికెట్టు అయిదు రూపాయలు, బడిపిల్లలకి రెండు.
గోడలు మాత్రం ఉప్పు మానలేదు.
మొదటిరోజే వేలితో గీసి నాలిక్కి రాసుకుని చూశాను.

నా పని చీటీలు రాయడం.
బాడిస. ఉలి. కొబ్బరిపీచు ఉండ. గుగ్గిలం కాచిన బాన.
ఎవరో సరంగు రంగం నుంచి తెచ్చుకున్న లక్కపెట్టె,
తెరిస్తే అడుగున ఒక పాలపన్ను.
దాని కింద ఏం రాయాలో తోచక
"పెట్టె" అని రాశాను.

హాలు మధ్యలో, జానెడు దిమ్మల మీద, నావ.
లోవరాజు తాత కట్టాడట. కాగితం లేదు, గీత లేదు,
తడి ఇసకలో కాలి బొటనవేలితో ఒక్క వంపు గీసి
దాని వెంటే పలకలు వంచుకుంటూ పోయాడట.
పొడవెంత, అని అడిగాను, టేపు పట్టుకుని.
"అయిదు బారలండి."
ఎవరి బారలు?
"మా తాతవండి."
తాత పోయి నలభై ఏళ్ళు.
చీటీలో ఆ గడి ఖాళీగా వదిలేశాను.

వైశాఖంలో వడగాలి దూరింది.
పలకలు దగ్గుతున్నట్టు చప్పుడు.
ఓ మధ్యాహ్నం నావ ఇవతల కూచుంటే
అతుకుల సందుల్లోంచి అవతలి కిటికీ కనబడింది.
రాజమండ్రి నుంచి వచ్చిన ఆఫీసరు
రిజిస్టర్లో ఎర్రసిరాతో రాశాడు:
చెక్కకి తడి తగలరాదు.
లోవరాజు చదివించుకుని విన్నాడు. తలూపాడు.
సాయంత్రం తలుపులు మూశాక
బకెట్టు తెచ్చి నావ కడుపులో పోశాడు.
"ఆయన కాయితాలు దాచుకునే ఊరోరండి" అన్నాడు,
నేనడక్కుండానే.
మర్నాటి నుంచి చేద నేను తోడాను.

శ్రావణంలో గౌతమి ఎర్రబడింది.
మైకు బండి రెండుసార్లు వచ్చి వెళ్ళింది.
మేం వస్తువులు అటక మీద సర్దుతూనే ఉన్నాం,
గడప దాటి లోపలికొచ్చేసింది,
పుల్లలు, నురగ, ఎవరింటిదో చేట.
కరెంటు పోయింది.
రిజిస్టరు నెత్తిన పెట్టుకుని నావెక్కాను.
పాలపన్ను పెట్టె ఒళ్ళో.
నావ కూడా కారింది, కారదా మరి,
ఎన్నేళ్ళయింది ఏరు చూసి.
డొప్పలతో తోడాం. ఎన్ని డొప్పలో లెక్కలేదు.
తెల్లవారుజామున లోవరాజు
పలకల సందున వేలు పెట్టి చూసి
"పట్టేసిందండి" అన్నాడు, పాలు తోడుకున్నాయని చెప్పినట్టు.

దిమ్మల మీంచి లేచినప్పుడు చప్పుడేం కాలేదు.
నా పొత్తికడుపులో తెలిసింది, అంతే.
నాలుగు గోడల మధ్య, కప్పు కింద,
ఎటూ పోయే దారి లేని నీళ్ళల్లో
నావ నెమ్మదిగా తిరిగి
ముక్కుతో తలుపుని తట్టింది.
ఆగింది. మళ్ళీ తట్టింది.
తాళంచెవి నా కొంగుముడిలో ఉంది.
లోవరాజు నా వైపు చూడలేదు.
చీకట్లో రెండు చేతులూ బార్లా చాపి
ఈ కొన నుంచి ఆ కొనకి కొలుచుకుంటూ వెళ్ళాడు,
గొణుగుతూ.
తాళంచెవి కొంగులోనే ఉండిపోయింది.
అందుకు ఇప్పటికీ ఎవరికీ జవాబు చెప్పుకోలేదు.

నీళ్ళు తీశాక మోకాలి లోతు ఒండ్రు.
నావ దిమ్మలు తప్పి, పక్కకి ఒరిగి,
ముక్కు కాలవ వైపు పెట్టి కూచుంది.
సరిగ్గా జరపండి, అని ఆఫీసరు ఫోను చేశాడు.
మనుషులు దొరకట్లేదండి, అన్నాను.
ఊరంతా మనుషులే.

చీటీ తడిసి అక్షరాలు కారిపోయాయి.
కొత్తది రాశాను:

నావ. టేకు, కొబ్బరిపీచు, గుగ్గిలం.
పొడవు అయిదు బారలు.
లోవరాజుకి అయిదూ జానెడు.