ఎడమ వైపు

హీయుమా దీవిలో ఏప్రిల్ అంటే
వెళ్తానని చెప్పి గుమ్మంలోనే నిలబడిపోయిన చుట్టం.
కొట్టంలో నేనూ, ఉరాల్ బండీ,
దాని పక్కన ఆలుగడ్డల బస్తాలు మోసే తొట్టీ.
రెండు సిలిండర్లలో కుడిదొక్కటే బతికుంది.
ఎడమది ముట్టుకుంటే
నిన్నటి పెనంలా చల్లగా.

బడి వంటగదిలో ఇరవై ఆరేళ్లు
నూట నలభై మంది పిల్లలకి ఓట్స్ గంజి కలిపినదాన్ని.
స్పానర్ పట్టుకుంటే మాత్రం
చెయ్యి ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది.

"రెండు నట్లు విప్పితే కార్బరేటర్ ఊడొస్తుంది లైవీ, ఎంతసేపు"
అన్నాడు పొరుగింటి ఉర్మాస్, ఫెర్రీ డ్యూటీకి పోతూ.
రెండో నట్టుకి మూడు గంటలు పట్టింది.
స్పానర్ జారి వేలి కణుపు మీద తోలు లేచింది.
అప్పుడు నేనన్న మాట ఇక్కడ రాయను.
పిల్లి లేచి బయటికి వెళ్లిపోయింది.

కింది గిన్నె ఊడదీశాను.
అడుగున పెట్రోల్ లేదు.
ఐదు చలికాలాలు ఇగిరి ఇగిరి మిగిలిన పాకం.
తీగపాకం దాటింది, ఉండపాకం దాటింది,
గోరుకి లొంగని ముదురుపాకం.
హమ్మయ్య, ఇది నాకు తెలిసిన రోగమే.
అడుగంటిన గిన్నెని ఎలా దారికి తేవాలో
నాకెవరూ చెప్పక్కర్లేదు.
నానబెట్టాలి. గీకకూడదు. వేరే పని చూసుకోవాలి.

బండితో వచ్చిన పుస్తకం రష్యన్‌లో ఉంది.
బళ్లో బలవంతాన నేర్పిన భాష.
జెండా మారిన ఏడాది
మడిచి అటక మీద పడేశాను.
ఇప్పుడు వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటే
'జిక్ల్యోర్' అని లేచొచ్చింది ఒక మాట.
ఇత్తడి జెట్, దాని నడుమ చీమ తల పట్టని కన్నం.
ఆ తరవాత 'పోప్లవోక్'.
ఐదో తరగతి పాఠంలో చేపలు పట్టే తాత బొమ్మ కింద ఉండేది,
గాలానికి కట్టే బెండు.
ఇక్కడా తేలడమే దాని ఉద్యోగం,
గిన్నె నిండగానే చాలని తలుపు మూయడం.
ఆ భాషలో నాకు మిగిలినవి
నాలుగు తిట్లు, ఈ రెండు సామాన్లు.

తీగతో పొడవొద్దు, ఇత్తడి గీరుకుపోతుంది అని రాసుంది.
చీపురు పుల్ల లావు.
నా తలలోంచి ఒక తెల్ల వెంట్రుక పీకి చూశాను,
సగం దూరి, వంగిపోయింది.
చివరికి కేకులకి వెన్న రాసే బ్రష్‌లోంచి ఒక పోగు.
కిటికీకి ఎత్తి పట్టి ఒక కన్ను మూస్తే
నలుపు.
మళ్లీ నలుపు.
సాయంత్రం ఐదింటికి
ఆవగింజలో పదో వంతు వెలుతురు.
అందులో సముద్రం కనబడలేదు, జూనిపర్ పొదలూ కనబడలేదు.
ఉత్త వెలుతురు.
బస్తా మీద చతికిలబడి కాసేపు నవ్వాను.

మళ్లీ బిగించడం మూడు రోజుల కథ. వద్దు.

రెండు వైపులా ఊపిరి సమానంగా ఆడాలి,
చెవి పెట్టి విను, అన్నాడు ఉర్మాస్.
నా ఎడమ చెవి చిన్నప్పటి జ్వరంలో పోయిందని
అతనికి ముప్ఫై ఏళ్లుగా తెలుసు, గుర్తుండదు.
బండి వెనక మోకాళ్ల మీద కూర్చుని
రెండు పొగ గొట్టాల ముందు రెండు అరచేతులు చాపాను.
కుడి చేతికి దబదబ.
ఎడమ చేతికి ఒక తుమ్ము. ఆగి, ఇంకొకటి.
లేచి వెళ్లి స్క్రూ పావు చుట్టు.
మళ్లీ మోకాళ్లు.
పిండి పదును చూసే చేతులివి,
నాకు చెవుల కంటే ఇవే నమ్మకం.
ఇంకో వెంట్రుకవాసి.
ఇంకొంచెం.
ఇప్పుడు ఏ చెయ్యి ఏదో తెలియడం లేదు.

తెచ్చిన సామాన్లన్నీ వరసగా పెట్టుకున్న కేకు అచ్చులో
ఒక రాగి వాషర్ మిగిలిపోయింది.
పుస్తకంలో బొమ్మలన్నీ తిరగేశాను, దానికెక్కడా చోటు లేదు.
బండి అది లేకుండానే రేవు దాకా వెళ్లొచ్చింది.
ఉర్మాస్‌కి చెప్పలేదు.
ఏప్రన్ జేబులో వేసుకున్నాను.
సోమవారం గంజి కలుపుతుంటే
గరిటె తిప్పినప్పుడల్లా
తొడకి తగులుతోంది.