మోచేతి మీద పచ్చ

వీళ్ళ మెడలు నాకు కంఠతా వచ్చు.
పదేళ్ళుగా ఈ బల్ల మీదే పిసుకుతున్నాను.
మింద్యాకి నిజానికి మెడ లేదు,
భుజాలే తలదాకా వచ్చి ఆగాయి.
ఎడమ చెవి, ఉడికి చల్లారిన ఖింకాలీ.
ఏ సంగతైనా కుడివైపు వెళ్ళి చెప్పాలి.

చిన్నప్పుడు కఖేతీలో
భూమిలో పాతిన ద్రాక్షసారా కుండల్లోకి
వీణ్ణే దింపేవారట.
పుల్లలాంటి పిల్లాడు, మూతిలోంచి జారి
లోపలి చీకట్లో గోడలు తోమి
కేకేస్తే పైకి లాగేవారట.
"స్క్రమ్‌లో తల పెట్టినప్పుడల్లా అదే వాసన,
తడి మట్టి, పులుపు, ఎవరిదో ఊపిరి" అంటాడు.
ఇప్పుడా మూతిలో వాడి పిక్క కూడా పట్టదు.

టీవీ వ్యాఖ్యాతకి స్క్రమ్ అంటే ఆవలింత.
మళ్ళీ కూలింది, మళ్ళీ కట్టాలి,
గడియారాన్ని తినేస్తున్నారు అంటాడు.
కోచ్‌లు మాత్రం రాత్రంతా తిప్పి తిప్పి చూసేది అదే.
బెంచీ మీద ఆరుగురు భారీ మనుషుల్ని కూచోబెట్టేది
యాభయ్యో నిమిషంలో కొత్త మెడలు దింపడానికే.
బంతి కోసం నెట్టే రోజులు పోయాయి.
ఇప్పుడు తప్పు కోసం నెడతారు.
ఎదుటివాడి చేత తప్పు చేయించాలి,
చేయకపోతే
చేసినట్టు కనిపించాలి.

మాకు రెక్కలున్న కుర్రాళ్ళు తక్కువ.
పెద్ద జట్ల ఇంటికి మేం తట్టగలిగిన తలుపు
ఇదొక్కటే, భుజంతో.

ఆ సాయంత్రం త్బిలిసీలో వాన వెలిసింది.
డెబ్భై ఎనిమిదో నిమిషం, రెండు పాయింట్లు వెనక.
పడమటి జట్టు మీద మా స్క్రమ్.
వంగండి, అన్నాడు రెఫరీ.
పదహారు వెన్నులు వంగాయి.
పట్టుకోండి.
వాళ్ళ ఒకటో నంబరు, పేరు ఇద్వాల్,
గడ్డం గరుకుగా వచ్చి
మింద్యా చెంపకి ఆనింది.
పెళ్ళాం కూడా అంత దగ్గరగా అంతసేపు ఉండదని
వీళ్ళు జోకేసుకుంటారు.
కలవండి.
ఆ చప్పుడు గీతవతల నా పళ్ళలో వినిపించింది.

కూలింది.
మళ్ళీ కట్టారు. మళ్ళీ కూలింది.
మూడోసారి నిలిచింది. ఒక్క క్షణం
ఎవరూ ఎటూ కదల్లేదు.
పచ్చిక మీద ఆవిరి లేచింది,
ఎనిమిదేసి మంది
రెండు వైపుల నుంచీ ఒకే కాడి కింద
దూరినట్టు.
తర్వాత మా కుడివైపు ఏదో జారింది.
రెఫరీ చెయ్యి లేచింది.
మా వైపు లేచింది.

మిగతాది మీకు తెలిసే ఉంటుంది,
గోల్ కర్రల మధ్య నుంచి బంతి,
ఒక్క పాయింటు,
అర్ధరాత్రి దాటినా ఆగని హారన్లు,
కుర నది వంతెన మీద జెండాలు కప్పుకున్న తాతలు.

నేను కట్లు విప్పుతున్నాను.
వేళ్ళవి, మోకాళ్ళవి, చివరికి
కుడి మోచేతిది.
తెల్లటి గుడ్డ మీద అరచేతి మందాన పచ్చ.
మిగిలిన ఒళ్ళంతా బురదే, గోధుమరంగు.
మనిషి పడితే బురద అంటుతుంది.
బలమంతా మోపి మోచెయ్యి దిగేస్తేనే
గడ్డి రసం అంత లోతుకి ఎక్కుతుంది.
నేను అడగలేదు.
వాడు కప్పుకి చూస్తున్నాడు.
కాసేపటికి, "తడి నేల" అన్నాడు,
నేను కుడివైపే నిలబడి ఉన్నాను,
మరోసారి అనలేదు.

తలుపు తట్టి ఇద్వాల్ వచ్చాడు,
చొక్కా మార్చుకుందామని.
ట్రేలో ఉన్న గుడ్డ వైపు చూశాడు.
మింద్యాని చూశాడు. నన్ను చూశాడు.
వాడి మోచేతి కట్టు ఇంకా విప్పలేదు,
కావాలనే మడతపెట్టి పైకెత్తి చూపించాడో
చెమట తుడుచుకున్నాడో
నాకిప్పటికీ తెలీదు.
దాని మీదా పచ్చ ఉంది.
కొంచెం తక్కువ.

చొక్కాలు మారాయి. ఎవరికీ సరిపోలేదు.
ఇద్దరి చెంపల మీదా
ఒకే ఎర్రటి గీరుడు,
ఒకరి గడ్డం ఒకరు రాసుకున్నది.
మందు పూద్దామని దూది తీశాను.
ఇద్దరూ వద్దన్నారు.