అంటు కింద పిలక

స్లైడు మీద రంగు ఆరకముందే
దొరసామి కిటికీ దగ్గర నిలబడతాడు.
"ఈ తడవ ఎంతమ్మా కాపు?"
పదకొండేళ్ళుగా అదే పలకరింపు.
జాస్తి కాస్తే దిగులు పడే తోటమాలిని
ఈయన్నొక్కణ్ణే చూశాను.

దామలచెరువులో మామిడి అంట్ల నర్సరీ.
తిరుపతికి తొలి బస్సు, చంకలో సంచీ,
సంచీలో ఫైలు, ఫైలు పక్కన
తడిగోనె చుట్టిన మొక్కొకటి, ల్యాబులో ఎవరికో ఒకరికి.
మా క్వార్టర్సు వెనక నీలం చెట్టు ఆయనిచ్చిందే.

ఆయన మొహం కంటే నెత్తురే నాకు బాగా గుర్తు.
ఆవాల్లాంటి చిన్న గుండ్రటి కణాలు,
మధ్యమధ్య చితికి, చేత్తో తుడిచేసినట్టు మరకలు.
పేరు చూడకుండానే చెప్పేదాన్ని.
మాత్రలు, సెలైన్లు, మళ్ళీ మాత్రలు.
మూడేళ్ళు లెక్క కుదురుగా నిలబడింది.
ఆ మూడేళ్ళలో ఆయన కొత్త బోరు వేయించాడు,
మామూలు మనుషుల్లా
మోకాళ్ళ నొప్పి గురించి మాట్లాడాడు.

ఈ రోజు నూనె చుక్క వేసి కటకం దించితే
ఆవాలు దాదాపు లేవు.
పెద్దవి, లేతవి, తెలియని ముఖాలు.
ఒకదాని కడుపులో సన్నటి ఎర్ర సూది.
ఈయన పేరు మీద ఎన్నడూ నొక్కని మీటని
నా వేలు నొక్కింది.
మళ్ళీ నొక్కింది.
మళ్ళీ.

పాత జబ్బుకీ కొత్త జబ్బుకీ ఇంటిపేరు ఒక్కటే.
తిరగబెట్టిందనుకుంటారు ఇంట్లోవాళ్ళు.
కాదు. అది వేరు, ఇది వేరు.
దాన్ని అణచిన మందే దీనికి దారి తీసిందేమో
అన్నాడు పెద్ద డాక్టరు ఫోన్లో.
ఆ "ఏమో" దగ్గర చాలాసేపు ఆగాడు.

నేను చెప్పకూడదు. నా పని లెక్కపెట్టడం.
అద్దంలోంచి నా వేలు చూస్తూ "పాతదేనా?" అన్నాడు దొరసామి.
తల ఊపానో లేదో నాకే తెలీదు.

"అయితే అంటు కింద నించి పిలక లేసిండాది.
మనం కట్టిన కొమ్మ కాదది, అడుగున టెంకమొక్కది.
ఆకు చూస్తేనే తెలిసిపోతాది మాకి."
"లేస్తే ఏం చేస్తారు?"
"ముందే చూసుకుంటే తుంచేస్తాం."
రెండోది చెప్పలేదు.

గోనె విప్పి మొక్కని కిటికీ గట్టు మీద పెట్టాడు.
"మల్లిక. పది దినాలు ఎండ తగలనీమాక."
టోకెను చూసుకుంటూ వరండాలోకి నడిచాడు.

డబ్బాలో ఆయన వరస చివర ఒక స్లైడుకి చోటుంది.
అక్కడ పెట్టబుద్ధి కాలేదు.
కొత్త వరస మొదలుపెట్టి
పేరు మాత్రం అదే రాశాను.