గోటితో మొదలు

పెరామా రేవులో, రెండో షెడ్డు వెనక,
ఆర్గిరో ముందు తన గోటితో గీస్తుంది.
తర్వాత రాగి నాణెం. ఆ తర్వాత జేబుకత్తి.
దేనికి గీత పడిందో, దేనికి పడలేదో
గోడమీద సుద్దతో రాసుకుంటుంది.
అప్పుడుగానీ కంప్రెసర్ ముట్టుకోనివ్వదు.

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు.
తుప్పు కనబడితే చాలు, ఉక్కు రవ్వ పోసేయడమే.
గోటితో పోయేదానికి గొడ్డలెత్తేవాణ్ణి
చూసినట్టు చూసేది నన్ను.

ఓడ అడుగు పలకలకైతే ఉక్కు రవ్వే, సందేహం లేదు.
పన్నెండేళ్ల నాచు, గుల్లలు, ఎర్రరంగు మీద ఎర్రరంగు.
కొత్త పూత వేళ్లూనాలంటే
కంటికానని లోయలుండాలి ఇనుములో.
టేపు అంటించి, రుద్ది, లోతు కొలిచి,
నమ్మక, ఇంకోచోట కొలిచేది.

మెట్ల పక్క స్టెయిన్‌లెస్ రెయిలింగుని
అడక్కుండా అదే రవ్వతో కొట్టాను.
ఆ సాయంత్రం అది తళతళలాడింది.
మెచ్చుకుంటుందనుకున్నాను.
మూడు వారాలకి
టీ మరకల్లా తుప్పు పూసింది.
"ఆ తుప్పు రెయిలింగుది కాదు, నీ రవ్వది," అంది.
కొట్టిన రేణువు కొట్టినచోటే ఇరుక్కుని
ఉప్పుగాలికి తన జబ్బు బయటపెట్టుకుంది.
ఆ జూలై అంతా యాసిడ్ లేపనం పూస్తూ, కడుగుతూ,
మీటరు మీటరూ దానికి క్షమాపణ చెప్పాను.

మా కొట్లో ఇసుక బస్తా ఒక్కటీ ఉండదు.
వాళ్ల నాన్న కాలంలో ఇసుకే, చవక కదా.
ఆయన దగ్గు నేనెప్పుడూ వినలేదు.
రోజూ పొద్దున్నే నా మాస్కు పట్టీని
ఆవిడ రెండుసార్లు లాగి చూసినప్పుడు
విన్నాను.

సెప్టెంబరులో ఒక కంచు పలక తెచ్చారు.
మునిగిన పడవ, పదకొండు పేర్లు,
పచ్చగా చిలుం.
నాణెం తియ్యలేదు, కత్తి తియ్యలేదు.
అక్రోటు పెంకుల పొడి సంచీ విప్పి
గాలి ఒత్తిడి సగానికి, మళ్లీ సగానికి దించింది.
షెడ్డంతా పండగ కేకు వాసన.
ఒక్కో పేరూ గోధుమరంగులో పైకి తేలింది.

పదకొండోది అప్పటికే అరిగిపోయి ఉంది,
రెండక్షరాలు ఉన్నాయో లేవో.
గొట్టం నాకిచ్చి, గ్లవ్ తీసి,
పలక మీదికి వంగి
గోటితో మొదలుపెట్టింది.

బయట కంప్రెసర్ తిరుగుతూనే ఉంది.
దాన్ని ఆపాలని
ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు.