పదిహేడు

హత్తా కొండల నడుమ
వాళ్లకు వాది, నాకు వాగు.
మోకాలి లోతు మడుగొక్కటే మిగిలింది.
"ముందు చెయ్యి తడుపుకో" అంటది మరియం మేడమ్,
పొడిచెయ్యి తాకితే చేప ఒంటి జిగురు ఊడుతదట.
బెస్తోళ్ల ఇంట్ల పుట్టిన.
చేపను ఇంత మర్యాదగ ఎన్నడు పట్టలే.

బుట్టవలల రొట్టెముక్క, రాత్రంత కాపలా.
తెల్లారి కొలపలక మీద ఒక్కొక్కటే:
నాలుగు సెంటీమీటర్లు, మూడున్నర,
ఒకటైతే నా బొటనవేలిని చప్పరించింది.
నీళ్ల వేడి ముప్పై ఒకటి.
పోయినేడు అరవై రెండు చేపలు.
ఈసారి పదిహేడు.

రాసుకొని, వదిలిపెట్టినం.
మళ్ల ఒకసారి వంగి చూసిన.
రాయి కింద ఏదో మెదిలింది,
చేపనో, నా నీడనో.
మేడమ్ పెన్సిలెత్తి నా దిక్కు చూసింది.
పద్దెనిమిది అనాలని
నాలుక చివరిదాంక వచ్చింది.
అనలే.