ఎవరూ బతకని ఏడాది

రాత్రి పదకొండు దాటాకే ఇక్కడ కరెంటు నిలకడగా ఉంటుంది.
అప్పుడు దించుకుంటాను ఫైలు.
ఉచితం. రెండు నిమిషాలు.
ఎనిమిది వేల ఏడువందల అరవై వరుసలు,
గంటకొకటి:
చలి, తేమ, ఎండ, గాలి ఎటు నుంచి ఎంత జోరుగా.
నారిన్‌కి పైనున్న లోయలో
నేను కట్టబోయే పసిపిల్లల బడికి
చేతికందిన మొదటి సామాను ఇదే.

ఈ ఏడాదిని ఎవరూ బతకలేదు.
జనవరి ఒక సంవత్సరానిది, ఫిబ్రవరి ఇంకోదానిది,
మార్చి నేను పుట్టకముందుది.
మామూలుగా నడిచిన నెలల్ని ఏరి
బొంతలా కుట్టారు.

గోడల లెక్కలు వేరే చోట దొరికాయి.
గడ్డిమోపులోంచి ఎంత వేడి జారిపోతుంది,
గొర్రెబొచ్చులోంచి ఎంత,
పచ్చి ఇటుకలోంచి ఎంత.
పోర్చుగల్‌లో ఎవరో ఒకాయన
మట్టిపూతలో ఇసుక పాళ్లు రాసిపెట్టి
అడుగున ఒక్క ముక్క చేర్చాడు:
మీ మట్టిని మీరే అడగండి.
అడిగాను. ఎండి పగిలింది.
ఇంకో రెండు గుప్పెళ్ల గుర్రప్పేడ కలిపి
మళ్లీ అడిగాను.

ఫిబ్రవరి తొమ్మిది దగ్గర కళ్లు ఆగాయి.
సాయంత్రం ఆరు నుంచి తెల్లారి ఆరు దాకా
చలి స్కేలు పెట్టి గీసినట్టు దిగింది.
చలి అలా దిగదు.
ఈ లోయలో పుట్టిన మేకపిల్లకైనా తెలుసు.

స్టేషను మూతపడి ముప్పై ఏళ్లు.
అక్కడ థర్మామీటరు చదివిన మనిషి మాత్రం ఉంది.
బురుల్ అపా. వంతెన పక్క ఇల్లు.
నా లాప్‌టాప్‌ని దూరంగా పట్టుకుని చూసింది,
ఎవరి పిల్లో పోల్చుకుంటున్నట్టు.
"ఇవన్నీ నా అంకెలే" అంది.

మూడు గంటలకోసారి. లాంతరు.
గుమ్మం నుంచి పరికరాల పెట్టె దాకా కట్టిన తాడు,
మంచు తుపానులో దాన్ని పట్టుకునే వెళ్లాలి, రావాలి.
రెప్పలు అతుక్కుపోతే
అరచేత్తో కరిగించుకుని చదవాలి.

"ఆ రాత్రి తాడు తెగింది" అంది.
టీ పోసింది. నా గిన్నె సగమే నింపింది,
ఇక్కడ అది ఇంకాసేపు కూర్చోమని.
"తాడు తెగిందని పై ఆఫీసుకు రాశాను.
నిజానికి తెగకముందే మానేశాను పోవడం.
భయమేసింది.
పుస్తకంలో అడ్డగీత పెట్టాను, నాలుగు చోట్ల.
వాటిని ఎవరు నింపారు?"

కంప్యూటరు, అన్నాను.

"పోనీలే. దానికి చలి వెయ్యదు."

ఇంటికొచ్చాక తట్టింది నాకు:
ఆ రాత్రి లెక్కలో లేకపోబట్టే
ఆ ఫిబ్రవరి మామూలు ఫిబ్రవరి అయింది.
బొంతలోకి ఎక్కింది.

మర్నాడు ఆవిడే నడిచొచ్చింది స్థలం దగ్గరికి.
ముగ్గుపిండితో నేను గీసిన గదుల మధ్య నిలబడి
ఫైలంతా పడమర అని చెప్పే గాలికి వీపు తిప్పి
తూర్పున కొండ చీలిక వైపు గడ్డం ఎత్తింది.
"అది ఏడాదికొకసారే అక్కణ్నుంచి వస్తుంది.
స్టేషను తలుపుని కీళ్లతో సహా తీసుకుపోయింది.
నువ్వు తలుపు అటే పెట్టావు."

మోకాళ్ల మీద కూర్చుని
తూర్పు గుమ్మాన్ని కాలి బూటుతో చెరిపాను.
దక్షిణాన కొత్తగా గీశాను,
ముందొక చిన్న మలుపు పెట్టి,
పిల్లలు ఊలుబూట్లు విడిచేంత చోటు.

బిష్కెక్ నుంచి వచ్చిన ఇంజనీరు
మార్పుకి ఆధారం ఏమిటన్నాడు.
ఫారంలో దానికో గడి ఉంది.
అందులో రాశాను:
బురుల్, తాడు తెగిన రాత్రి.
అతను కలం తీసి అది కొట్టేసి
స్థానిక పరిశీలన అని దిద్దాడు,
ముద్ర వేశాడు.

తలుపు దక్షిణానికే ఉంది.
ఫైలులో ఫిబ్రవరి తొమ్మిది మాత్రం
ఇంకా నున్నగా దిగుతూనే ఉంది,
దించుకున్న ప్రతివాళ్ల దగ్గరా.