అంగుళాల లెక్క

సంతపేటలో మా కొట్టు గోడ మీద
దేవుళ్లూ, కొత్త పెళ్లికొడుకులూ, పోయినోళ్లూ
పక్కపక్కనే ఆరతా ఉంటారు.
అందరికీ అంగుళానికి ఒకటే రేటు.
మా అబ్బాజాన్ పెట్టిన లెక్క.
గాజు ధర పెరిగినా లెక్క మారలేదు.

సుగుణరత్నమ్మ మొదటిసారి వచ్చినప్పుడు
బొమ్మని గోతంలో చుట్టుకొచ్చింది.
సైదాపురం బస్సులో దారి పొడుగునా
ఒళ్లో పెట్టుకుని కూచుందంట.
పక్క సీటామె "ఏందిమే, అప్పడాలా?" అనిందంట.

టేపు తీశాను.
పొడుగు ఇరవై నాలుగు, వెడల్పు పద్దెనిమిది.
మందం దగ్గర నా చెయ్యాగింది.
ఒక చోట పావు అంగుళం, ఒక చోట ఒకటిన్నర,
ఒక మూల వేలు పెడితే లోపలికి పోతా ఉంది.
రంగు తక్కువ.
టీ డికాషన్ మరకలు, కాల్చిన గోనె పీచు,
పాత ఇస్త్రీపెట్టె పొట్టలోంచి పీకిన రేకు,
వాటన్నిటి మీదా పొర మీద పొరగా కాకిబంగారం,
వాన గుంటలో తేలే డీజిలు లాగా.

"గాజు వెయ్యనా?"
"వద్దన్నా, ఊపిరాడదు."
బొమ్మకా, ఆమెకా,
నేనడగలేదు.

టీ తాగతా తనే చెప్పింది.
కలిచేడు షెడ్డులో వాళ్లమ్మ అంకమ్మ
మొండి కత్తితో రాయికి పొరలు తీసేదంట.
ఉల్లిపాయకి కన్నీళ్లు ముందు.
అభ్రకానికి పొరలు ముందు,
తక్కినవన్నీ ముప్పయ్యేళ్ల తరవాత.

మచ్చ లేని పొర ఒక తట్టలో,
మచ్చ పడింది ఒక తట్టలో,
ఎరుపు తిరిగింది ఇంకో తట్టలో.
ఎవరికీ పట్టని పొట్టు గుమ్మం అవతల గుట్ట.
ఆ గుట్ట మీద జారి జారి
లంగా వెనక చిరుగులు పట్టిన పిల్ల ఈమె.

పొద్దుగూకి ఇంటికొచ్చి
అమ్మ కొప్పు విప్పి విదిలిస్తే
బుడ్డి దీపం చుట్టూ మెరుపులు.
సంగట్లో మెరుపు, పచ్చిపులుసులో మెరుపు,
చంటోడి చెవి వెనక మెరుపు.
బళ్లో అయ్యవారు "షెడ్డు పిల్లలు చేతులెత్తండి" అంటే
ఎత్తే పని లేదంట.

టౌన్‌హాల్లో బొమ్మలు పెట్టిన రోజు
మేకులు కొట్టడానికి నేనూ పోయినా.
కళ్లద్దాలాయన ఒకడు నోటుపుస్తకం తీసి
"మీకు ప్రేరణ ఏమిటమ్మా?" అన్నాడు.
ఆమె కాసేపు ఆలోచించి
"మా అమ్మ కొప్పు" అనింది.
ఆయన తల ఊపి రాసుకున్నాడు,
ఏమని రాసుకున్నాడో.

పోయిన నెల తెచ్చింది తొమ్మిదో బొమ్మ.
గోతం లేదు, ఆస్పత్రి కవరు.
పెద్దాసుపత్రి ఎక్స్‌రే ఫిలిం,
అంకమ్మ, డెబ్భై ఒకటి, ఆడ, అని మూలన అచ్చు.
పక్కటెముకల మధ్య
ఎక్కడెక్కడ తెల్లగా ఉందో అక్కడక్కడ మాత్రం
గోరంత గోరంత అభ్రకం అంటించింది.
డాక్టరు పెన్నుతో చుట్టిన సున్నా
అట్నే ఉంచేసింది.
ట్యూబులైటుకి ఎదురు పెట్టి చూశాను.
ఏది రాయి, ఏది మనిషి,
నలభై ఏళ్లుగా కొలిచే కళ్లకి తెలియలా.

వెనక అట్ట లేకుండా, రెండు వైపులా వెలుతురు తగిలేట్టు
టేకు పట్టీతో ఫ్రేము కట్టాను.
మామూలుగా పోయినోళ్ల పటానికి
దండ మేకు ఉత్తినే కొట్టిస్తాను.
ఆ మేకు రెండు వేళ్ల మధ్య పట్టుకుని
కూచుండిపోయినా.

"కొట్టన్నా," అనింది,
"దండకి కాదు. మా ఇంట్లో కిటికీకి తగిలిస్తా.
పొద్దున ఎండ ఆడికే వస్తాది."

లెక్క కట్టాను, అంగుళానికి అదే రేటు.
చిల్లర తీసుకోకుండా బస్సుకి పరిగెత్తింది.

రాత్రి అన్నం దగ్గర మా ఇంటామె
నా గడ్డం పట్టుకుని దీపానికి తిప్పింది:
"ఏందిది, మెరస్తా ఉండాది?"

పొద్దున లేచి చూస్తే
దిండు మీద కూడా.